డియారా అడిగిన ఆ ఒక్క కాగితం

2019 ఫిబ్రవరిలో ఆట మానేసిన ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ లసానా డియారా పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా, బెల్జియం ఫుట్‌బాల్ సమాఖ్య తనకు 6.5 కోట్ల యూరోలు కట్టాలని అతను 2025 ఆగస్టులో బయటపెట్టాడు. రాజీ మాటలు ఎటూ తేలలేదు కాబట్టి కోర్టులోనే చూసుకుంటానన్నాడు. ఎప్పుడో రిటైరైనవాడికి ఇంత బాకీ ఏమిటన్న అనుమానం రావడం సహజమే.

చెల్సీ, ఆర్సెనల్, పోర్ట్స్‌మౌత్‌తో 2008 ఎఫ్ఏ కప్, ఆ తర్వాత రియల్ మాడ్రిడ్, ఫ్రాన్స్ జెర్సీలో 34 మ్యాచ్‌లు. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఇవన్నీ తెలిసినవే, ఈ గొడవకు వాటితో పని కూడా లేదు. కథ 2013 ఆగస్టులో మొదలవుతుంది. రష్యాలోని అంజీ క్లబ్ ఖర్చులు తగ్గించుకుంటూ ఆటగాళ్లను అమ్మేస్తున్న రోజులవి. అక్కడున్న డియారాను మరో రష్యా క్లబ్ లోకోమోటివ్ మాస్కో నాలుగేళ్ల ఒప్పందంతో తీసుకుంది.

ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ చెడింది. తన జీతంలో కోత పెట్టారన్నది డియారా మాట. ట్రైనింగ్‌కు రావడం మానేశాడన్నది క్లబ్ మాట. 2014 ఆగస్టులో క్లబ్ ఒప్పందం రద్దు చేసి, తప్పు అతనిదే కాబట్టి 2 కోట్ల యూరోల పరిహారం ఇప్పించమని ఫిఫాకు ఫిర్యాదు చేసింది. పంపేసిందీ వాళ్లే, డబ్బు అడిగిందీ వాళ్లే. రావాల్సిన జీతం సంగతేమిటని డియారా ఎదురు ఫిర్యాదు పెట్టాడు. 2015లో ఫిఫా వివాదాల విభాగం అతని మీద 1.05 కోట్ల యూరోలు వేసింది. ఏడాది తర్వాత లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

అందరూ ఈ జరిమానా గురించే మాట్లాడతారు. అసలు మలుపు మాత్రం ఆ తీర్పుకు ముందే, 2015 ఫిబ్రవరిలో వచ్చింది.

అప్పటికి డియారాకు 29 ఏళ్లు, చేతిలో క్లబ్ లేదు. బెల్జియంలోని షార్లెరువా క్లబ్ ముందుకొచ్చింది. రియల్ మాడ్రిడ్‌లో ఆడినవాడికి అది చిన్న క్లబ్బే, అయినా ఆడటానికి ఒక గ్రౌండ్ దొరికినట్టే. వాళ్లు రాసిచ్చిన ఆఫర్‌లో రెండు షరతులున్నాయి. ఒకటి, అతని పేరు రిజిస్టరై, అధికారిక మ్యాచ్‌ల్లో ఆడే అర్హత ఉండాలి. రెండోది, లోకోమోటివ్‌కు కట్టాల్సిన పరిహారం తమ నెత్తిన పడదని రాతపూర్వకంగా హామీ కావాలి. ఈ రెండూ మార్చి నెలాఖరులోగా తేలాలి.

వాళ్ల భయంలో అర్థముంది. అప్పటి ఫిఫా బదిలీ నిబంధనల్లో 17వ ఆర్టికల్ ప్రకారం, సరైన కారణం లేకుండా ఒప్పందం తెంచుకున్న ఆటగాడిని తీసుకున్న కొత్త క్లబ్ కూడా ఆ పరిహారానికి బాధ్యురాలు. ఇల్లు అద్దెకు తీసుకుంటే పాత కిరాయిదారు బాకీలన్నీ మనమే తీర్చాలన్నట్టు. పైగా అతన్ని ఉసిగొల్పింది కొత్త క్లబ్బేనని అనుమానించి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం వేసే వీలూ ఉండేది. పరిహారం ఎంతవుతుందో ముందే లెక్క కట్టుకుందామంటే అదీ కుదిరేది కాదు. అందుకు పెట్టిన కొలమానాలు అంత వదులుగా ఉండేవి.

డియారా లాయర్లు ఫిఫాకూ, బెల్జియం సమాఖ్యకూ ఉత్తరాలు రాశారు. అది నిర్ణయించాల్సింది తీర్పులిచ్చే తమ విభాగాలే తప్ప ఆఫీసు సిబ్బంది కాదని ఫిఫా బదులిచ్చింది. పాత సమాఖ్య, అంటే రష్యా సమాఖ్య నుంచి అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్ రాకుండా ఏమీ చేయలేమని బెల్జియం సమాఖ్య చెప్పింది. ఒప్పందం మీద గొడవ నడుస్తుంటే ఆ సర్టిఫికెట్ ఇవ్వకూడదని అదే నిబంధనల్లో ఉండేది. మన దగ్గర ఆఫీసుల్లో ఎన్‌ఓసీ కోసం తిరిగినవాళ్లకు ఈ వ్యవహారం కొత్తగా అనిపించదు. గడువు దాటింది, షార్లెరువా తప్పుకుంది. జులైలో మార్సెయ్ తీసుకునేదాకా అతను ఇంట్లోనే ఉన్నాడు.

ఆ పోయిన సీజన్‌కు 60 లక్షల యూరోలు ఇప్పించమని అదే ఏడాది డిసెంబర్‌లో ఫిఫా, బెల్జియం సమాఖ్యల మీద షార్లెరువా ఊరి కోర్టులో కేసు వేశాడు. 2017లో గెలిచాడు. అవతలివాళ్లు బెల్జియంలోనే ఉన్న మోన్స్ కోర్టులో అప్పీలుకు వెళ్లారు. మోన్స్ కోర్టు 2022లో, ఆ ఫిఫా నిబంధనలు యూరోపియన్ చట్టాలకు సరిపోతాయా అన్న ప్రశ్నను లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి పంపింది. డియారా తరఫు లాయర్లలో జాన్ లూయి డ్యుపాన్ ఒకరు. 1995లో బోస్మన్ కేసు గెలిచిందీ ఆయనే. ఆ కేసు కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడి స్వేచ్ఛ గురించి. ఇది కాంట్రాక్టు మధ్యలో తెగిపోయినవాడి గురించి.

2024 అక్టోబర్ 4న తీర్పు వచ్చింది. ఆ నిబంధనలు స్వేచ్ఛగా వేరే దేశానికి వెళ్లి పనిచేసుకునే హక్కుకూ, పోటీ చట్టానికీ విరుద్ధమని కోర్టు చెప్పింది. రెండు ఆర్టికల్స్‌లో రెండు పేరాలే కదా ప్రశ్నలో పడ్డాయని ఫిఫా సర్దుకుంది. టోర్నీలు సజావుగా సాగాలంటే ఒప్పందాలు నిలబడాలన్నది మొదటినుంచీ దాని వాదన. ఆ లక్ష్యాన్ని కోర్టు కాదనలేదు, దానికోసం ఇంత దూరం వెళ్లనక్కర్లేదంది. డిసెంబర్‌లో ఫిఫా తాత్కాలిక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం, కొత్త క్లబ్ ఉసిగొల్పిందని ఇక పాత క్లబ్బే నిరూపించాలి, సర్టిఫికెట్‌ను 72 గంటల్లో ఇచ్చేయాలి. ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రోకు ఇవి కూడా నచ్చలేదు. ఇదే తీర్పును ఆసరా చేసుకుని, 2002 నుంచి యూరోపియన్ యూనియన్, బ్రిటన్ క్లబ్‌లకు ఆడిన ఆటగాళ్లందరి తరఫున నెదర్లాండ్స్‌లో ఒక సామూహిక దావాకు ఏర్పాట్లు మొదలయ్యాయి.

6.5 కోట్ల లెక్క సబబో కాదో మోన్స్ కోర్టు చూసుకుంటుంది. 2015లో 1.05 కోట్ల జరిమానా వేసిన ఆదేశంలోనే ఇంకో మాట కూడా ఉంది. డియారాను ఇకముందు తీసుకునే క్లబ్‌కు ఆ పరిహారం భారం వర్తించదని. షార్లెరువా అడిగింది సరిగ్గా ఆ మాటే. అది వచ్చింది ఏప్రిల్‌లో.