వసంతపు మంచుకు పొద్దున పది గంటలు ఎందుకంత ముఖ్యం?

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు తెల్లవారకముందే సైకిల్ మీద నంది కొండకు బయలుదేరే ఒక తెలుగమ్మాయి మార్చి నెలాఖరులో స్నేహితులతో మనాలి వెళ్లడానికి సిద్ధమవుతూ నన్ను ఇలా అడిగింది: "సార్, పొద్దున స్కీయింగ్, మధ్యాహ్నం రాఫ్టింగ్, కుదిరితే మధ్యలో పారాగ్లైడింగ్ అని మా ప్లాన్‌లో రాశారు. ఒకే రోజులో మంచూ, ఎండా రెండూ ఎలా దొరుకుతాయి? పైగా స్కీయింగ్ పొద్దునే ముగించాలంటున్నారు. మధ్యాహ్నానికి మంచంతా కరిగిపోతుందా?"

మొదటి ప్రశ్నకు జవాబు బెంగళూరులో ఉండేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నందువల్లనే ఈ ఊరు చెన్నై కన్నా చల్లగా ఉంటుంది. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. మనాలి దగ్గరి సోలాంగ్ లోయకు పైనున్న వాలులు దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉంటే, బియాస్ నదిలో తెప్పలు నడిపే కుల్లూ ప్రాంతం 1,200 మీటర్ల దగ్గర ఉంది. రెంటికీ మధ్య పన్నెండు డిగ్రీల తేడా వస్తుంది కనుక, పైన మంచు నిలిచి ఉన్న రోజునే కింద చొక్కాతో తిరగవచ్చు. ఇందులో ఆశ్చర్యపడవలసింది పెద్దగా లేదు.

నన్ను పట్టి నిలిపింది రెండో ప్రశ్న. మధ్యాహ్నానికి మంచు కరిగిపోదు. మీటరు మందాన పేరుకున్న మంచు ఒక్క రోజు ఎండకు తరిగేది కొన్ని సెంటీమీటర్లే. పొద్దున ఏడింటికి ఎంత మంచు ఉందో సాయంత్రం నాలుగింటికీ దాదాపు అంతే ఉంటుంది. అయినా ఏడింటికి అది కాలు నిలవనంత గట్టిగా, గాజులా ఉంటుంది. పదింటికి స్కీలు దాని మీద మెత్తగా, నమ్మకంగా మలుపు తిరుగుతాయి. రెండింటికి మోకాలి దాకా దిగబడే బురదవుతుంది. పరిమాణం మారకుండా స్వభావం ఇంతగా మారడానికి మూలం పగటి ఎండలో కన్నా ముందటి రాత్రి ఆకాశంలో ఎక్కువగా ఉంది.

వెలుతురులో మంచంత తెల్లనివి చాలా అరుదు. అప్పుడే పడిన మంచు తన మీద పడిన సూర్యకాంతిలో 80 శాతానికి పైగా వెనక్కు పంపేస్తుంది. కంటికి కనిపించని పరారుణ కిరణాల విషయంలో మాత్రం అదే మంచు దాదాపు పూర్తిగా నల్లని వస్తువులా ప్రవర్తిస్తుంది: ఆ కిరణాలను బాగా పీల్చుకుంటుంది, అంతే బాగా వెదజల్లుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న మంచు ప్రతి చదరపు మీటరు నుంచి సుమారు 315 వాట్ల వేడిని ఆకాశం వైపు పంపుతూ ఉంటుంది. మబ్బుల్లేని, తేమ తక్కువైన వసంత రాత్రిలో ఆకాశం తిరిగి పంపేది 230 వాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ తేడా రాత్రంతా మంచు భరించవలసిన నష్టం. పైపొర చల్లబడే కొద్దీ నష్టం కాస్త తగ్గుతుంది కనుక సగటున 70 వాట్లు అనుకుందాం. పది గంటల పాటు సాగే రాత్రిలో అది చదరపు మీటరుకు సుమారు 25 లక్షల జౌళ్లవుతుంది. కిలో నీరు గడ్డకట్టాలంటే 3,34,000 జౌళ్ల గుప్తోష్ణాన్ని వదులుకోవాలి. అంటే ఏడున్నర కిలోల నీరు గడ్డకడుతుందన్నమాట. మధ్యాహ్నం తడిసిన మంచులో ఘనపరిమాణం ప్రకారం అయిదు శాతం నీరు ఉందనుకుంటే, ఆ ఏడున్నర కిలోలు పై 15 సెంటీమీటర్లలో ఉన్న నీటితో సమానం. లెక్క ముతకదే గాని, తెల్లవారి ఆ వాలు మీద నిలబడినవారి కాలికి తగిలేది ఇంచుమించు ఇంత మందపు గట్టి పెంకే.

ఈ పని జరగడానికి గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగవలసిన అవసరం లేదు. గాలి రెండు మూడు డిగ్రీల వెచ్చగా ఉన్నా, ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉంటే మంచు పైపొర గడ్డకడుతుంది. ఈ సంగతి మన దేశంలో ఒకప్పుడు వాడుకలో ఉన్న విద్యే. అలహాబాదులో చలికాలపు రాత్రులు లోతు తక్కువైన గుంటల్లో ఎండిన చెరకు, మొక్కజొన్న కాడలు పరిచి, వాటి మీద లోతు లేని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఉంచి, తెల్లవారుజామున ఐసు పోగుచేసే పద్ధతిని రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. మూకుళ్ల నుంచి కొంత నీరు ఆవిరై కూడా చలువ పెరిగేది. ఆకాశం వైపు వేడి పోవడమే ఇటువంటి చల్లదనానికి ప్రధాన కారణమని 1814లో విలియం చార్లెస్ వెల్స్ మంచుబిందువుల మీద రాసిన వ్యాసంలో నిరూపించాడు.

వెన్నెల చల్లనిదని మన కవులు అన్నారు, మన ఇళ్లలో పెద్దలూ నమ్మారు. ఆ నమ్మకం వెనుక ఉన్న పరిశీలన నిజమైనదే: వెన్నెల బాగా కాసే రాత్రులు మబ్బు లేని రాత్రులు, అవే నేల వేడిని ఎక్కువగా పోగొట్టుకునే రాత్రులు. చంద్రుడు దానికి సాక్షి మాత్రమే, కారణం కాదు. బడిలో ఉష్ణ ప్రసారం పాఠం చెప్పేటప్పుడు వికిరణానికి సూర్యుణ్ణీ నిప్పుల కుంపటినీ ఉదాహరణగా చూపి ఆపేస్తారు. మన ఒళ్లు, డాబా, పొలం, మంచు అన్నీ రాత్రంతా ఆకాశంలోకి వేడిని పంపుతూనే ఉంటాయని ఆ పాఠంలోనే ఒక్క మాట చేర్చితే, పిల్లలు ఈ వెన్నెల రహస్యాన్ని తామే విప్పగలరు.

ఇక మంచు లోపలికి వెళదాం. పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం వారం పది రోజులు సాగితే, నక్షత్రాల్లాంటి తొలి రేకులు పోయి గుండ్రటి గింజలు మిగులుతాయి. భూతద్దం కింద అవి నానిన సగ్గుబియ్యంలా కనిపిస్తాయి. ఈ గుండ్రదనానికి కారణం తలతన్యత, అంటే ఉపరితలం వీలైనంత కుదించుకుపోవాలని చూసే గుణం. నీటిలో మునిగిన చిన్న గింజ ద్రవీభవన స్థానం, అంటే కరిగే ఉష్ణోగ్రత, పెద్ద గింజ కన్నా కొద్దిగా తక్కువ: పదో వంతు మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న గింజకు అది సున్నా కన్నా సుమారు 0.0006 డిగ్రీలు కింద ఉంటుంది, ఒక మిల్లీమీటరు గింజకు అందులో పదో వంతే కింద. ఇంత స్వల్పమైన తేడా చాలు, వేడి పెద్ద గింజల నుంచి చిన్న గింజలకు ప్రవహించడానికి. చిన్నవి కరుగుతాయి, ఆ నీరు పెద్దవాటి మీద గడ్డకడుతుంది. పగలు నీరు తక్కువగా ఉన్నంతసేపు గింజల సందుల్లో అది తలతన్యతతో నిలిచి వాటిని గుత్తులుగా పట్టి ఉంచుతుంది. రాత్రి ఆ నీరే ఐసై గుత్తులను ఒకదానికొకటి అతికిస్తుంది.

తెల్లవారాక సూర్యుడు ఇదంతా వెనక్కు తిప్పాలి. పెద్ద గింజల పాత మంచు కాంతిని తక్కువగా తిప్పికొడుతుంది కనుక, వాలు మీద ఎండ బాగా పడ్డాక నికరంగా చదరపు మీటరుకు 200 వాట్లు లోపలికి చేరతాయనుకుంటే, పై మూడు సెంటీమీటర్లు సడలడానికి సుమారు నలభై నిమిషాలు, మొత్తం 15 సెంటీమీటర్లు సడలడానికి మూడున్నర గంటలు పడుతుంది. పైన మూడు సెంటీమీటర్ల మెత్తదనం, దాని కింద ఇంకా విడని గట్టి పలక: స్కీయింగ్ చేసేవారు కోరుకునేది సరిగ్గా ఇదే. పై మూడు సెంటీమీటర్లు సడలిన క్షణానికీ, మొత్తం పెంకు సడలే క్షణానికీ మధ్య ఉన్న రెండు మూడు గంటలే వారి సమయం. తూర్పు వాలుకు అది ముందు వస్తుంది, తర్వాత దక్షిణ వాలుకు, చివరికి పడమటి వాలుకు. తెలిసినవారు సూర్యుడి వెంట వాలులు మారుతూ ఆ సమయాన్ని పొడిగించుకుంటారు.

గట్టి పలక విడిపోయాక అక్కడ ఉండడం అవివేకం. సందులు నిండి నీరు కిందికి జారడం మొదలైతే గింజల మధ్య బంధాలు తెగి, నిటారైన వాలుల మీద తడి మంచు చరియలుగా విరిగిపడుతుంది. రాత్రి మబ్బు పట్టి ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే దిగువ మబ్బు తానే 300 వాట్లకు పైగా వేడిని కిందికి పంపి మంచును గడ్డకట్టనివ్వదు. ఆ పొద్దున ఏడింటికే కాలు దిగబడితే, వెనుదిరగడమే సరైన నిర్ణయం. అందువల్ల ఆ అమ్మాయికి నేనిచ్చిన సలహా, వాతావరణ సూచనలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత కన్నా ముందు రాత్రి మబ్బునూ గాలిలో తేమనూ చూడమని. నల్ల కళ్లద్దాలు మరవవద్దని కూడా చెప్పాను: ఎత్తు పెరిగితే అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం పెరుగుతాయి, మంచు వాటిని కింది నుంచి మళ్లీ కళ్లలోకి కొడుతుంది.

మధ్యాహ్నానికి అదే ఎండ లోయ గోడలను వేడి చేసి గాలిని వాలుల వెంట పైకి పంపుతుంది. పారాగ్లైడింగ్‌కు ఆధారం ఆ గాలే గాని, నడి మధ్యాహ్నం అది ఒడుదొడుకులుగా ఉంటుంది కనుక కొత్తవారు కాస్త ముందుగానో, ఎండ తగ్గాకనో ఎగరడం మేలు. నది విషయంలో ఆలస్యం ఇంకా ఎక్కువ. పైన పన్నెండింటికి కరిగిన నీరు మంచు పొర గుండా ఇంకి, వాగుల్లో చేరి, మనాలి దాటి మరో 40 కిలోమీటర్లు ప్రవహించి కుల్లూ చేరేసరికి చీకటి పడవచ్చు. అందుకే మంచు నీటితో పారే నదులు దిగువన ఎక్కువగా రాత్రిపూట ఉబ్బుతాయి. మధ్యాహ్నం మూడింటికి కుల్లూ పక్కనున్న పిర్డీ దగ్గర తెప్ప ఎక్కేవారి కింద పారేది చాలావరకు అంతకు ముందు రోజు కరిగిన నీరు. ఒడ్డున ఎంత ఎండ కాస్తున్నా ఆ నీటి చల్లదనం తగ్గి ఉండదు, కాబట్టి లైఫ్ జాకెట్‌తో పాటు ఒంటిని పట్టి ఉంచే వెట్‌సూట్ అడిగి వేసుకోవాలి.