షుగర్ మందు వెతికితే దొరికిన క్యాన్సర్ మందు

"పరగడుపున నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే షుగర్ తగ్గుతుందట, ఇమ్యూనిటీ పెరుగుతుందట, క్యాన్సర్ కూడా రాదట. నిజమేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆ మొక్కలో క్యాన్సర్ మందు ఉన్నమాట నిజమే. కానీ అది బయటపడింది ఇమ్యూనిటీ పెరిగినందుకు కాదు, అడుగంటినందుకు.

జమైకాలో షుగర్‌కి ఈ ఆకుతో టీ కాచుకు తాగేవారు. 1952లో ఆ ఆకులు కొన్ని కెనడాకు చేరాయి. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు రాబర్ట్ నోబుల్ ఆ కషాయాన్ని ఎలుకలకు తాగించి చూస్తే షుగర్ ఏమీ తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే కొద్దిరోజులకే చీముగడ్డలు లేచి చచ్చిపోయాయి. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి, ఎముకల్లో మూలుగ ఖాళీ అయిపోయింది. ఇంకొకరైతే విషమని పారబోసేవారు. నోబుల్ మాత్రం ఇలా ఆలోచించారు: తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు ఇదే మందు కావచ్చు కదా! 1958 నాటికి నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరుచేశారు. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌ని పిల్లల లుకేమియాకు ఇప్పటికీ వాడుతున్నారు. విన్‌బ్లాస్టిన్ ఒక్క గ్రాము కావాలంటే సుమారు అర టన్ను ఎండాకు పోయాలి.

ఈ మందు చేసే పని చూడాలంటే కొబ్బరి పీచుతో తాడు పేనేవాళ్ళను తలచుకోండి. కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను అటూ ఇటూ లాగడానికి ట్యూబులిన్ అనే ప్రోటీన్‌తో తాళ్ళు పేనుకుంటుంది. మామూలు తాడుకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇది ఎప్పుడూ పూర్తికాదు. ఒక కొసన కొత్త పీచు చేరుతుంటే ఇంకో కొస విడిపోతుంటుంది. లాగే బలం ఆ పేనడంలో, విడిపోవడంలోనే ఉంది. విన్‌బ్లాస్టిన్ కొసకు జిగురులా అంటుకుంటే పేనడం ఆగుతుంది, క్రోమోజోములు మధ్యలో నిలబడిపోతాయి, కణం చచ్చిపోతుంది. (బడిలో ఈ దశల పేర్లన్నీ బట్టీ పట్టించారు, తాడు సంగతి ఒక్కరూ చెప్పలేదు!) క్యాన్సర్ కణమా, మంచి కణమా అని మందు చూడదు. ఎవరు తాడు పేనుతుంటే వాళ్ళకు దెబ్బ. మూలుగ రోజుకు దాదాపు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్ తెల్లకణాలను తయారుచేస్తుంది కాబట్టి ముందు నష్టపోయేది అదే.

"అయినా ఆకులో ఆక్సిడెంట్లను అడ్డుకునే యాంటీఆక్సిడెంట్లు ఉంటాయిగా, ఇమ్యూనిటీకి మంచిదే" అంటారు. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో ఆకు రసం పోస్తే పసుపుగా మారుతుంది, దాన్నే రుజువుగా చూపిస్తారు. టీ డికాషన్ పోసినా మారుతుంది. అసలు న్యూట్రోఫిల్ సూక్ష్మజీవిని మింగాక దాన్ని చంపడానికి ఆక్సిడెంట్లనే వాడుతుంది: ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో సూపర్ ఆక్సైడ్‌ను పుట్టిస్తుంది, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, దాన్నుంచి బ్లీచింగ్ నీళ్ళలాంటి హైపోక్లోరస్ ఆమ్లం. ఈ ఎంజైము పుట్టుకతో పనిచేయని పిల్లలకు ఇన్ఫెక్షన్లు తిరగబెడుతూనే ఉంటాయి. ఆక్సిడెంట్ అంటే శత్రువే అనుకుంటే ఈ పిల్లల సంగతి ఏం చెబుతాం?

తాడు కథ ఇంకొంచెం ఉంది. నాడీకణాలు విడిపోవు, కాబట్టి వాటికి ఢోకా లేదనిపిస్తుంది. కానీ వెన్ను దగ్గర్నుంచి కాలివేలి దాకా మీటరు పొడవున్న నాడిలో సరుకు నడిచేది ఈ ట్యూబులిన్ తాళ్ళ మీదే. అందుకే విన్‌క్రిస్టిన్ ఎక్కించుకున్నవాళ్ళకు కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. పాత షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ తిమ్మిరి ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు.