మాత్రలు జీవితాంతం వాడాలా? షుగర్ వ్యాధిపై అపోహలు – వాస్తవాలు

షుగర్ ఉందని చెప్పగానే నా ఎదుట కూర్చున్నవారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. “మాత్రలు జీవితాంతం వాడాలా డాక్టరుగారూ?” ఒకప్పుడు నేను తడుముకోకుండా అవుననేదాన్ని. ఇప్పుడు అలా అనను. అలాగని ‘నలభై రోజుల్లో షుగర్ మాయం’ అని ఫోనుల్లో తిరిగే మాటలనూ ఒప్పుకోను.

అపోహ: టైప్ 2 మధుమేహం (పెద్దవారిలో ఎక్కువగా కనిపించే షుగర్) ఒకసారి వస్తే ఇక వెనక్కి తగ్గదు.

తగ్గుతుంది, కొందరిలో. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ అనే వైద్యాచార్యులు నడిపిన ‘డైరెక్ట్’ అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ బయటపడి ఆరేళ్లు దాటనివారిని, ఇన్సులిన్ మొదలుపెట్టనివారిని, బరువు ఎక్కువగా ఉన్నవారిని అందులో చేర్చుకున్నారు. వారిలో సగం మందికి షుగర్ మాత్రలు ఆపి, మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. మామూలు చికిత్సలో ఉన్నవారిలో అది 4 శాతమే. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవారినే లెక్కిస్తే 86 శాతం!

బరువు తగ్గితే షుగర్ ఎందుకు తగ్గుతుంది? కాలేయంలో కొవ్వు పేరుకుంటే అక్కడ ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆ కొవ్వే క్లోమానికీ చేరి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మందగింపజేస్తుంది. కొవ్వు కరిగితే, అప్పటికి చేవ మిగిలి ఉన్న కణాలు మళ్లీ పని అందుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ అలాంటి కణాలు తగ్గిపోతాయి. షుగర్ బయటపడిన తొలి సంవత్సరాలను వృథా చేసుకోవద్దని నేను పోరేది ఇందుకే.

అపోహ: మాత్రలు ఆపగలిగితే జబ్బు నయమైపోయినట్టే.

దీన్ని మేము ఉపశమనం అంటాం, నయం అనం. ఉపశమనం అనాలంటే, మందులు ఆపిన తర్వాత కనీసం మూడు నెలలకు చేసిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే కొలత) 6.5 శాతంలోపు ఉండాలని 2021లో అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించారు. పైన చెప్పిన అధ్యయనంలోనే రెండో ఏడాదికి 46 శాతం 36కు పడింది. బరువు తిరిగి పెరిగితే షుగర్ కూడా తిరిగివస్తుంది. ఉపశమనంలో ఉన్నా ఏటా కళ్లు, కిడ్నీలు, పాదాలు చూపించుకోవలసిందే.

ఎవరో ఇచ్చిన పొడిని నమ్మి ఎనిమిది నెలలు మాత్రలు మానేసిన ఒక రైతు, కాలి బొటనవేలికి పుండుతో నా దగ్గరకు వచ్చారు. నరాలు మొద్దుబారడంతో ఆయనకు నొప్పి తెలియలేదు. చివరికి వేలు తీసేయవలసి వచ్చింది. ఆయన్ను నేను తప్పుపట్టలేను. బాగవుతుందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మాలనే అనిపిస్తుంది. కాకరకాయ, మెంతులు తినండి, నాకు అభ్యంతరం లేదు. మాత్రలకు బదులుగా మాత్రం వద్దు.

అపోహ: “మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడు, ఆయనకు రాలేదు కదా!”

ఆ తాత తిన్నది దంపుడు బియ్యం. పగలంతా నాగలి పట్టాడు. మనం పాలిష్ పట్టిన సన్నబియ్యం అదే కొలతలో తిని, కుర్చీలో కూర్చుంటున్నాం. పైగా ఆయనకు రక్తపరీక్ష చేసిందెవరు?

దీని వెనుక ఇంకా లోతైన కారణం ఒకటుంది. పుణె వైద్యుడు సి.ఎస్. యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ కలిసి 2004లో తమ కొలతలనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే కొలత, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనిపించే మన ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణె ప్రాంతపు పల్లెల్లో పుట్టిన పిల్లలను యాజ్ఞిక్ బృందం పరిశీలించినప్పుడు, తక్కువ బరువుతో పుట్టిన ఆ పసికందుల్లోనూ ఇదే కనిపించింది. తల్లి కడుపులో చాలీచాలని పోషణతో పెరిగిన శరీరం, ఆ తర్వాత వచ్చిపడిన తిండిని తట్టుకోలేకపోతోంది. ‘నేను లావు లేను కదా’ అనే ధీమా అందుకే పనికిరాదు. మనకు బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువే. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

అపోహ: చక్కెర బదులు బెల్లం, అన్నం బదులు చపాతీ తింటే చాలు.

బెల్లం కూడా చక్కెరే. నాలుగు చపాతీలు తింటే అన్నం మానిన లాభం ఉండదు. రాగులు మంచివే, కానీ పలచని జావగా తాగితే షుగర్ త్వరగా పెరుగుతుంది. కంచంలో సగం కూరలు పెట్టుకుని, పప్పో గుడ్డో చేపో చేర్చి, అన్నం కొలత తగ్గించండి.

ఇది చదివి రేపటి నుంచే కడుపు మాడ్చుకోవద్దు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. ముందు మీ డాక్టరును కలిసి, “నేను బరువు తగ్గాలనుకుంటున్నాను, మందులు ఎలా తగ్గించాలి?” అని అడగండి.