చెక్క పెట్టెనా, థర్మాకోల్ పెట్టెనా: తేనెటీగలు పెంచబోయే పిల్లలకు ఉత్తరం

అడవివరం,
విశాఖపట్నం.

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

బడి తోటలో తేనెటీగల పెట్టె పెట్టాలనుకుంటున్నారనీ, అది చెక్కదై ఉండాలా, థర్మాకోల్‌దై ఉండాలా అన్న చోట ఆగిపోయారనీ రాశారు. చాలా సంతోషం కలిగింది. చెక్కదే తీసుకోండి. ఎందుకో వివరంగా చెబుతాను.

మీరు చూసిన తెల్లని పెట్టెలు పాలిస్టైరిన్‌తో చేసినవి. టీవీ అట్టపెట్టెలో వచ్చే థర్మాకోల్ కూడా అదే పదార్థం గానీ, ఈ పెట్టెలకు దానిని మరింత చిక్కగా, గట్టిగా పోస్తారు. అందులో ఎక్కువ భాగం గాలే కాబట్టి, అంతే మందం గల చెక్కకంటె మూడు నాలుగు రెట్లు మెరుగ్గా వేడిని అడ్డుకుంటుంది. పిల్ల ఈగలు పెరిగే మైనపు పట్ల దగ్గర 34, 35 డిగ్రీల వేడి నిలకడగా ఉండాలి. చలిలో పెద్ద ఈగలు రెక్కలు కదపకుండానే ఛాతీ కండరాలను వణికించి ఆ వేడిని పుట్టిస్తాయి. అందుకు దాచుకున్న తేనె ఖర్చవుతుంది. అందుచేత ఫిన్లండ్, డెన్మార్క్ వంటి చలి దేశాలవారు థర్మాకోల్ పెట్టెను ఇష్టపడడంలో న్యాయం ఉంది.

మన సముద్రపు ఒడ్డున ఈగల కష్టం వేరు. మే నెల మధ్యాహ్నం రెండు గంటల వేళ నా పెట్టె దగ్గర కూర్చుంటే, గుమ్మం పలక మీద ఐదారు ఈగలు వరసగా నిలబడి, కాళ్ళతో పలకను గట్టిగా పట్టుకొని, రెక్కలు కనిపించనంత వేగంగా విసురుతూ ఉంటాయి. మన నాటు ఈగలు తల బయటికి పెట్టి గాలిని లోపలికి తోస్తాయి; ఐరోపా ఈగలు తల గుమ్మం వైపు పెట్టి లోపలి గాలిని బయటికి లాగుతాయి. ఇంకొన్ని ఈగలు నీళ్ళు తెచ్చి పట్ల మీద చుక్కలు చుక్కలుగా పరుస్తాయి, ఆ తడి ఆరుతుంటే లోపల చల్లబడుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ తడి త్వరగా ఆరదు. కనుక ఇక్కడ పెట్టెకు నీడ, గాలి ఆడే దారి ముఖ్యం. ఎండ వేడిని కూడా థర్మాకోల్ ఆపుతుందన్న మాట నిజమే. కాని ఆ పని నా పెరటి జీడిమామిడి చెట్టు ఖర్చు లేకుండా చేస్తోంది.

చాలా ఏళ్ళ క్రితం నేనూ ఒక థర్మాకోల్ పెట్టె పెట్టి చూశాను. రెండో ఏడు గుమ్మం ముందు తెల్లని గింజలు రాలి కనిపించాయి. వంగి చూస్తే, ఒక ఈగ తన తలంత గింజను దవడలతో పట్టుకొని ఈడ్చుకొచ్చి పలక అంచు నుంచి కిందికి వదిలింది. పెట్టె విప్పితే గోడ నిండా చీమలు తొలిచిన సొరంగాలు. మైనపు పురుగు కూడా ఆ గోడను అలాగే తొలుస్తుంది. చెక్క పెట్టెకు పురుగు పడితే పట్టు తీసేసి, బ్లో లాంపు మంటతో మూలమూలలా కాల్చి శుద్ధి చేస్తాము. థర్మాకోల్ సుమారు 100 డిగ్రీలకే మెత్తబడుతుంది కనుక మంట చూపకూడదు, బట్టల సోడా నీళ్ళతో కడగాలి. పెట్రోలు గాని, థిన్నరు గాని తగిలితే కరిగిపోతుంది. ఎండకు పెళుసెక్కకుండా నీళ్ళ రంగు వేయాలి. విరిగిన ముక్కలు మట్టిలో కలవవు. ఇది నన్ను అన్నిటికంటె బాధపెట్టే విషయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కొమ్మ విరిగిపడి నా చెక్క పెట్టె మూల ఊడింది. ఈగలు వెళ్ళిపోయాయి గానీ, వడ్రంగి ఒక్క పూటలో మూల బిగించి ఇచ్చాడు. ఆ పెట్టెలో ఇప్పటికీ ఈగలున్నాయి.

కొలతల సంగతి మరవకండి. అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ 1852లో పేటెంటు పొందిన తేనెటీగల పెట్టెకు మూలం ఈగ నడిచే సందు: ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్లు. సందు ఎక్కువైతే ఈగలు అందులో అడ్డదిడ్డంగా మైనం కడతాయి, తక్కువైతే దూరలేవు. బజారులో దొరికే థర్మాకోల్ పెట్టెలు చాలావరకు ఐరోపా ఈగ కొలతకు చేసినవి. మన నాటు ఈగ చిన్నది, దాని కొలతకు చేసిన, న్యూటన్ పెట్టె అనే చిన్న పెట్టె సరిపోతుంది.

అరకులోనో, లంబసింగిలోనో పెట్టే వారికి మాత్రం ఒక సూచన. వలిసెలు పూసే చలికాలంలో చెక్క పెట్టె లోమూతకూ పైకప్పుకూ మధ్య, ఈగలకు అందని చోట, ఒక థర్మాకోల్ పలక దూర్చండి. వెచ్చదనమూ దక్కుతుంది, గోడలూ చెక్కవిగానే ఉంటాయి.

పెట్టెకు రంగు బయటి వైపే వేయించండి, లోపల వద్దు. చెదలు, చీమలు ఎక్కకుండా ఇనుప స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలి. వేసవి సెలవుల్లో ఆ గిన్నెలు ఎండిపోకుండా చూసే వంతు ఎవరిదో ముందే నిర్ణయించుకొని నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య