కచేరీలో మీ చెవికి చేరింది ఏమిటి? అపోహలు - వాస్తవాలు

కచేరీ అయిపోయి జనం బయటికి కదులుతుంటే నేను కేబుళ్లు చుడుతూ వాళ్ల మాటలు వింటుంటాను. ప్రేక్షకుల మధ్య, వేదికకు ఎదురుగా మిక్సర్ ముందు నిలబడి ధ్వనిని సరిచూడడం నా వృత్తి. ఆ మాటల్లో దొరికేంత సమాచారం నాకు ఏ మీటరూ ఇవ్వదు. ఒక రాత్రి ఇద్దరు స్నేహితులు నా పక్క నుంచే వాదించుకుంటూ వెళ్లారు. గొంతు స్ఫటికంలా వినిపించిందని ఒకరు, ఒక్క మాటా అర్థం కాలేదని ఇంకొకరు. మొదటివారు హాలు మధ్యలో కూర్చున్నారు, రెండోవారు బాల్కనీ కింద చివరి వరుసలో. ఆ రాత్రి ఆ రెండు చోట్లకూ నేను నడిచి వెళ్లి విన్నాను. ఇద్దరూ ఉన్నదే చెప్పారు.

వేదిక మీద పాట ఒకటే. హాలులోకి వచ్చేసరికి అది చోటుకొక తీరుగా మారిపోతుంది, ఎవరు నిలబడిన చోట ఏది దక్కితే వారికి అదే కచేరీ. ఆ సంగతి తెలియక, గోడలు చేసిన తప్పునూ గాలి చేసిన తప్పునూ గాయకుల మీద వేస్తుంటారు. అది విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తరచుగా నా చెవిన పడే కొన్ని నమ్మకాల గురించి అందుకే రాస్తున్నాను.

అపోహ: ముందు వరుసలో ఉంటే అందరికంటే బాగా వినిపిస్తుంది.

ముందు వరుసలో అందరికంటే బాగా కనిపిస్తుంది. వినిపించడం వేరే సంగతి. పెద్ద ప్రదర్శనల్లో ప్రధాన స్పీకర్లు వేదికకు రెండు పక్కలా ఎత్తున, అరటి గెలలా వంపు తిరిగి వేలాడుతుంటాయి. వాటి గురి ఎక్కువగా దూరంగా ఉన్నవారి మీదే. ముందు నిలబడ్డవారి తలల మీదుగా ఆ ధ్వని సాగిపోతుంది. వారికి నేరుగా తగిలేది డ్రమ్ముల మోత, గిటార్ ఆంప్లిఫయర్ల శబ్దం. గొంతు అందడానికి వేదిక అంచున చిన్న స్పీకర్లు పెడతాం. అయినా చాలాసార్లు వాద్యాల హోరులో మాటలు మునిగిపోతాయి. గాయని ముఖంలోని ప్రతి కదలికా చూడాలనుకుంటే ముందుకు వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. పాట మొత్తంగా వినాలనుకుంటే మాత్రం మిక్సర్ ఉన్న చోటికి దగ్గరలో నిలబడండి.

ఈ సలహాలోనూ ఒక మెలిక ఉంది. కింది స్థాయి ధ్వనులను, అంటే బేస్‌ను, ఇచ్చే పెద్ద పెట్టెలను సాధారణంగా వేదికకు ఎడమన కొన్ని, కుడిన కొన్ని పెడతారు. 60 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 60 కంపనాల దగ్గర, ఒక్కో ధ్వని తరంగం పొడవు సుమారు 5.7 మీటర్లు. ఎడమ పెట్టె నుంచి మీ దాకా ఉన్న దూరానికీ, కుడి పెట్టె నుంచి ఉన్న దూరానికీ తేడా అందులో సగం, అంటే దాదాపు 2.9 మీటర్లు అయితే, ఒకటి ముందుకు నెట్టిన గాలిని రెండోది వెనక్కి లాగుతుంది. ఆ ధ్వని అక్కడ దాదాపు మాయమవుతుంది. నాలుగడుగులు పక్కకు జరిగితే మళ్లీ వస్తుంది. సరిగ్గా మధ్య గీత మీద రెండు దూరాలూ సమానం కాబట్టి అక్కడ బేస్ గుండెల మీద గుద్దినట్టు ఉంటుంది. మిక్సర్ కూడా సాధారణంగా ఆ గీత మీదే ఉంటుంది. అక్కడే పాతుకుపోయి పనిచేసే ఇంజినీరుకు బేస్ ఎక్కువైందనిపిస్తుంది, తగ్గిస్తారు. అప్పుడు పక్కన ఉన్నవాళ్లకు ఉన్నదీ పోతుంది. ప్రదర్శన మధ్యలో నేను హాలంతా తిరిగేది ఇందుకే.

అపోహ: పెదవులు పాటతో కలవలేదు, అంటే రికార్డు వేసి నోరు కదిపారు.

మైదానంలో వెనక నిలబడి పెద్ద తెర చూసినవారు ఈ మాట చాలా నమ్మకంగా చెబుతారు. 20 డిగ్రీల సెల్సియస్ గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. మీరు వేదికకు 100 మీటర్ల దూరంలో ఉంటే పాట మీ దగ్గరికి రావడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. తెర మీది బొమ్మ మాత్రం కాంతి వేగంతో వచ్చేస్తుంది. పెదవి ముందు కదిలి, మాట తర్వాత వస్తుంది. ఉరుము కంటే ముందు మెరుపు కనిపించడం లాంటిదే ఇది.

మీ పక్కనే స్తంభం మీద ఇంకో స్పీకరు ఉంది కదా, అది వెంటనే మోగవచ్చు కదా అని అడుగుతారు. మోగితే పాట రెండుసార్లు వినిపిస్తుంది: ముందు స్తంభం నుంచి, తర్వాత వేదిక నుంచి. అందుకని ఆ స్తంభం స్పీకరును కావాలనే ఆలస్యం చేస్తాం. వేదిక ధ్వని అక్కడికి చేరేదాకా ఆపి, పైన ఇంకో పది మిల్లీసెకన్ల వరకు కలుపుతాం. ముందు ఏ దిక్కు నుంచి ధ్వని అందితే మన మెదడు ఆ దిక్కునే మూలంగా తీసుకుంటుందని జర్మనీలో హెల్ముట్ హాస్ అనే పరిశోధకుడు 1949లో వివరంగా చూపించారు. కొద్దిగా ఆలస్యంగా వచ్చిన రెండో ధ్వని మొదటిదాని కంటే కొంత గట్టిగా ఉన్నా ఆ భావన చెదరదు. పక్కనే స్పీకరు మోగుతున్నా గొంతు దూరంగా ఉన్న గాయకుడి దగ్గర నుంచే వస్తున్నట్టు మీకనిపిస్తే, ఆ లెక్క సరిగ్గా కుదిరిందన్నమాట. నా పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

రికార్డు చేసిన ట్రాకులు వాడడం లేదని నేను అనడం లేదు. బృందగానం, తంత్రీవాద్యాల సమూహం లాంటివి ట్రాకు మీద రావడం ఇప్పుడు మామూలే. అలాంటప్పుడు డ్రమ్ములు వాయించేవారి చెవిలో టిక్ టిక్‌మంటూ లయ చెప్పే శబ్దం నడుస్తుంటుంది. 1997లో ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక అప్పటికప్పుడే శ్రుతి సరిచేయడం కూడా వీలైంది. కానీ ప్రధాన గొంతు నిజంగా పాడుతోందో లేదో పెదవుల వల్ల తేలదు. గాయకుడు మైకును నోటికి దూరం జరిపినప్పుడు గొంతు పలచబడుతోందా, పరుగెత్తాక ఊపిరి వినిపిస్తోందా, పల్లవి రెండోసారి వచ్చినప్పుడు చిన్న తేడా ఉందా అని చూడండి.

అపోహ: శ్రుతి తప్పిందంటే సాధన లేనట్టే.

ఈ అపోహ గురించి నేను కొంచెం ఎక్కువగా రాస్తాను. తన గొంతు తనకు వినిపించకుండా ఎంతటి విద్వాంసులూ శ్రుతిలో పాడలేరు. మీకు వినిపించే స్పీకర్లన్నీ వేదికకు ముందు, మీ వైపు తిరిగి ఉంటాయి. వేదిక మీద ఉన్నవారికి వాటి నుంచి అందేది వెనక్కి మళ్లిన మసక శబ్దం మాత్రమే. అందుకే వారికి విడిగా మానిటర్లు, అంటే తమ పాట తమకు వినిపించే స్పీకర్లు, ఉంటాయి, నేల మీద వాలుగా పెట్టినవో, చెవిలో పెట్టుకునేవో.

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ బృందం పాడినప్పుడు ఎదురుగా 55 వేల మందికి పైగా ఉన్నారు. వేదిక మీద మానిటర్లు లేవు. కేకల మధ్య తమ వాద్యాలు తమకే వినిపించని స్థితిలో వారు ఆ ప్రదర్శన పూర్తి చేశారు. మానిటర్ల విలువ తెలియాలంటే ఆ రోజును తలచుకుంటే చాలు.

చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లో వివరించిన ఈ గుణాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. మానిటర్ చాలని గాయకులు ఇలాగే బలవంతంగా పాడతారు, గొంతు బిగుసుకుంటుంది, పై స్థాయిలో స్వరం అటూ ఇటూ జారుతుంది.

ఒక ప్రదర్శనలో ఒక గాయనికి వరుసగా రెండు పాటల్లో, చరణం పైకి ఎత్తుకునే చోట శ్రుతి కిందికి జారింది. రెండో పాట చివర ఆవిడ చెవి చూపించి సైగ చేశారు. చెవిలోని మానిటరుకు ధ్వని అందించే, నడుముకు కట్టుకున్న రిసీవరులో బ్యాటరీ అయిపోయింది. ఒక చెవిలోది తీసేసి, వెనక గోడ నుంచి ఆలస్యంగా తిరిగి వస్తున్న తన గొంతునే ఆసరా చేసుకుని ఆవిడ అంతసేపు నెట్టుకొచ్చారు. బ్యాటరీ చూసుకోవలసింది మా బృందం. దాన్ని మార్చాక మూడో పాట నుంచి ఆవిడ శ్రుతి బిగించిన తీగలా నిలబడింది. చివర్లో బయటికి వెళ్తూ ఎవరో "ఈవిడ పని అయిపోయింది" అన్నారు. నేను చేతిలో పని వదిలి వెళ్లి జరిగింది చెప్పాను. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే మనసు బాగుండదు. ఆ మాట పడవలసింది ఆవిడ కాదు.

అపోహ: మధ్యాహ్నమే అన్నీ సరిచూసుకున్నారు కదా, మొదటి పాట ఎందుకు బాగుండదు?

మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంటుంది. సాయంత్రానికి మనుషులతో నిండుతుంది. మనిషి శరీరం, ఒంటి మీది బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి. దీన్ని మొదట లెక్కకట్టినవారు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని వాలెస్ సబీన్. 1895లో అక్కడి ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని, కారణం కనుక్కోమని ఆయనకు అప్పగించారు. ఆ గదిలో ఒక మాట పలికితే దాని ప్రతిధ్వని ఐదున్నర సెకన్ల దాకా వినిపించేది. ఆయన రాత్రుళ్లు ఇంకో మందిరం నుంచి కుర్చీల మెత్తలు మోయించుకుని వచ్చి పరుస్తూ, ఒక ఆర్గాన్ గొట్టం మోగించి, ధ్వని ఎంతసేపట్లో అణగిపోతుందో గడియారం పట్టుకుని కొలిచారు. తెల్లవారేలోగా మెత్తలన్నీ తిరిగి సర్దేసేవారు. ఆ లెక్కలతోనే 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు రూపుదిద్దుకుంది.

ఆర్కెస్ట్రాకు దాదాపు 2 సెకన్ల అనురణనం, అంటే ధ్వని ఆగాక గదిలో మిగిలే మోత, అందాన్నిస్తుంది. డ్రమ్ములు, బేస్ గిటార్ ఉన్న బృందాన్ని అదే హాలులో పెడితే ఒక దెబ్బ అణగేలోపు ఇంకో రెండు పడి అంతా ముద్దవుతుంది. అప్పుడు ఎంత గొప్ప పరికరాలు తెచ్చినా నేను చేయగలిగింది తక్కువే. ఆ గోడలు ఆ సంగీతం కోసం కట్టినవి కావు.

జనం నిండాక గదిలో వేడి, తేమ కూడా మారతాయి. మొదటి పాటంతా నేను మధ్యాహ్నం పెట్టిన కొలతలను తిరిగి దిద్దుకోవడంలోనే గడిచిపోతుంది. ఆరుబయట అయితే గాలివాటాన్ని బట్టి పాట అలలా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పొద్దుగూకి నేల చల్లబడితే ధ్వని కిందికి వంగి, మధ్యాహ్నం చేరని దూరానికి కూడా చేరుతుంది.

అపోహ: రికార్డులో విన్నట్టు లేదు, కాబట్టి బాగా పాడలేదు.

రికార్డులో ఒకే గొంతును రెండు మూడు సార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, మంచి ముక్కలు ఏరి అతుకుతారు. వేదిక మీద గొంతు ఒకటే, అవకాశమూ ఒకటే. వరుసగా ఎన్నో రాత్రులు పాడవలసినవారు శ్రుతి ఒక మెట్టు తగ్గించుకోవడం గొంతును కాపాడుకునే వివేకం.

అపోహ: మైకు కీచుమందంటే ఇంజినీరు నిద్రపోతున్నారు.

కొన్నిసార్లు మా పొరపాటే. చాలాసార్లు మాత్రం గాయకులు మైకు జల్లెడను గుప్పిట్లో మూసి పట్టుకోవడం వల్ల వస్తుంది. ముందు నుంచి వచ్చే ధ్వనిని మాత్రమే బాగా పట్టుకునేలా చేసిన మైకు, అలా మూసేస్తే అన్ని వైపుల నుంచీ తీసుకుంటుంది. మానిటరు శబ్దం మైకులోకి, మైకు నుంచి మళ్లీ మానిటరులోకి తిరుగుతూ కీచు పుడుతుంది.

అపోహ: ఫోనులో తీసిన వీడియో వింటే కచేరీ ఎలా జరిగిందో తెలిసిపోతుంది.

ఫోను పెద్ద శబ్దాన్ని తనంతట తానే అణిచేస్తుంది, చిన్నదాన్ని లేపుతుంది. పైగా మీ పక్కవారి గొంతు గాయకుడి గొంతు కంటే దానికి దగ్గర. జ్ఞాపకంగా దాచుకోండి, తీర్పు చెప్పడానికి వాడకండి.

అపోహ: శబ్దం ఎంత పెంచితే కచేరీ అంత గొప్పగా ఉంటుంది.

ఇలా అనిపించడానికి కారణం ఉంది. చిన్న శబ్దంలో మన చెవి బేస్‌నూ, మరీ పై స్థాయి ధ్వనులనూ తక్కువగా పట్టుకుంటుంది. శబ్దం పెరిగేకొద్దీ అవి నిండుగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని గీతల రూపంలో చూపించారు. కాబట్టి పెంచగానే బాగున్నట్టుంటుంది. కొంతసేపటికి చెవి అలసి పై ధ్వనులు మందగిస్తాయి, మళ్లీ పెంచమంటారు. నా చెవి కూడా అలాగే అలుస్తుంది కనుక, రాత్రి రెండో సగంలో నేను దాన్ని నమ్మను, మీటరునే చూస్తాను.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే. పెద్ద కచేరీ ఆ స్థాయిలో రెండు గంటలు నడవడం అరుదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం, వేదికల్లో ఏ 15 నిమిషాల సగటూ 100 డెసిబెళ్లు దాటకూడదని, ప్రేక్షకులకు చెవి రక్షణలు, కాసేపు విశ్రాంతి తీసుకునేందుకు నిశ్శబ్దమైన చోటు ఉండాలని చెబుతోంది.

"రాత్రంతా చెవులు గింగురుమన్నాయి, అదిరిపోయింది" అని సంబరంగా చెప్పుకోవడం వింటుంటాను. ఆ మోత చెవి దెబ్బ తిన్నదనడానికి గుర్తు. లోపలి చెవిలో ధ్వనిని పట్టుకునే రోమకణాలు మనిషిలో ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. దూదితో పెద్దగా ఉపయోగం లేదు. చెవిలో పెట్టుకునే నురుగు బిరడాలు రక్షణ ఇస్తాయి కానీ పై ధ్వనులను ఎక్కువగా అడ్డుకుని పాటను మసకబారుస్తాయి. సంగీతం కోసం చేసిన, అన్ని స్థాయిలనూ సమానంగా తగ్గించే బిరడాలు దొరుకుతాయి. నేను పని లేని రోజు ప్రేక్షకుడిగా వెళ్లినప్పుడు అవే పెట్టుకుంటాను. మొదటి పాటలో కాస్త కొత్తగా ఉంటుంది, మూడో పాటకు వాటి సంగతే మరిచిపోతాను. పిల్లలను తీసుకువెళ్తే వారికి చెవులు మొత్తం కప్పే రక్షణ పెట్టండి, స్పీకర్లకు దూరంగా కూర్చోబెట్టండి. మరునాటికి కూడా మోత తగ్గకపోయినా, ఒక చెవి మూసుకుపోయినట్టు అనిపించినా ఆలస్యం చేయకుండా చెవి వైద్యులకు చూపించండి. హఠాత్తుగా తగ్గిన వినికిడికి మొదటి కొద్ది రోజుల్లో చేసే చికిత్సే బాగా పనిచేస్తుంది.