చెక్క పజిల్స్, చిన్నపిల్లల తర్కం: అపోహలు - వాస్తవాలు

కావలి సమీపంలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లల బడి నడుపుతున్న నన్ను తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “ఎప్పుడు చూసినా ఈ చెక్క ముక్కలేనా మేడం, అక్షరాలు ఎప్పుడు దిద్దిస్తారు?” బిడ్డ చదువు మీద శ్రద్ధ ఉన్నందువల్లనే ఆ ప్రశ్న పుడుతుంది కాబట్టి దానికి వివరంగా సమాధానం చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

అపోహ: పజిల్ కాలక్షేపానికే, అసలు చదువు పలకతోనే మొదలవుతుంది.

మాంటిస్సోరి బడులలో వాడే స్థూపాల దిమ్మెను గమనిస్తే వాస్తవం అర్థమవుతుంది. ఒక పొడవైన చెక్క దిమ్మెలో పది గుంటలు, వాటిలో సరిగ్గా ఇమిడే పది స్థూపాలు, ఒక్కొక్క దానికి పట్టుకోవడానికి ఒక బుడిపె ఉంటాయి. స్థూపాలన్నీ బయటకు తీసి, కలిపేసి, మళ్లీ పెట్టమన్నప్పుడు బిడ్డ ఒక సన్నని స్థూపాన్ని వెడల్పాటి గుంటలో పెట్టిందనుకుందాం. అది లోపలికి పోతుంది, అప్పటికి తప్పు బయటపడదు, కానీ చివరికి ఏ గుంటలోనూ పట్టని లావు స్థూపం ఒకటి చేతిలో మిగిలిపోతుంది. అప్పుడు బిడ్డ ఆగి, అప్పటికే పెట్టిన స్థూపాలను ఒక్కొక్కటిగా కదిపి చూసి, వదులుగా ఉన్నదాన్ని కనిపెట్టి వెనక్కి తీస్తుంది. ఫలితం నుంచి కారణానికి వెనక్కి నడవడమూ, కుదరని వాటిని తొలగిస్తూ కుదిరేదాన్ని చేరుకోవడమూ తర్కమే కదా! ఆ పనిని మూడున్నరేళ్ల బిడ్డ మాటలు లేకుండా చేతులతో చేస్తుంది. తప్పు చెప్పేది టీచరు కాకుండా వస్తువే కావడం ఈ సామగ్రిలోని గొప్పతనం. ఈ బోధన పద్ధతిని రూపొందించిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు స్వయంగా శిక్షణ ఇచ్చారు కాబట్టి, ఈ పద్ధతి మన ప్రాంతానికి మరీ దూరమైనదీ కాదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా గుర్తించి, ఆటల ద్వారా, పనుల ద్వారా నేర్పమనే చెబుతోంది.

అపోహ: ముక్కలు ఎన్ని ఎక్కువైతే బుద్ధి అంత పదునెక్కుతుంది.

కష్టం ముక్కల సంఖ్యలో మాత్రమే ఉండదు. గుండ్రని ముక్కను ఎటు తిప్పినా గుంటలో పడుతుంది, చతురస్రం నాలుగు విధాలుగా కుదురుతుంది, సమబాహు త్రిభుజం మూడు విధాలుగానే కుదురుతుంది, చేప ఆకారం ఒకే ఒక్క విధంగా కుదురుతుంది. అందుకే రెండేళ్ల బిడ్డకు గుండ్రని ముక్కతో మొదలుపెట్టి, తిప్పి చూడవలసిన అవసరాన్ని క్రమంగా పెంచాలి. ఒకదానిలో ఒకటి చిక్కుకొనే ముక్కల బొమ్మ ఆ తరువాతి మెట్టు. అక్కడ ఆకారంతో పాటు రంగునూ, గీత ఎటు సాగుతున్నదో కూడా ఒకేసారి గమనించాలి.

అపోహ: బిడ్డ తడబడితే వెంటనే చేయి పట్టుకొని పెట్టించాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదేనని నా నమ్మకం. ముక్క కుదరక బిడ్డ ఆగిపోయిన ఆ కొద్ది క్షణాలలోనే ఆలోచన జరుగుతుంది. మనం ప్రేమ కొద్దీ చేయి చాపితే ఆ ఆలోచనను మధ్యలోనే తుంచేసినవాళ్లమవుతాము. చేతికి బదులు మాటనివ్వండి: “కొంచెం తిప్పి చూడమ్మా”, “ఈ మూల ఏ మూలకు ఆనుతుందో చూడు నాయనా”. ఇంట్లో అవ్వాతాతలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచడం మంచిది. బిడ్డ విసుగుతో ముక్కలు విసిరేస్తుంటే మాత్రం అది సహాయానికి సమయం కాదు, పజిల్ తీసి లోపల పెట్టి రేపు సులువైనది ఇవ్వవలసిన సమయం.

అపోహ: పజిల్స్ ఆడితే ఐక్యూ పెరుగుతుందని శాస్త్రం నిరూపించింది.

షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఇంట్లో పజిల్స్‌తో ఆడిన పిల్లలు నాలుగున్నరేళ్ల వయసులో ఆకారాలను మనసులోనే తిప్పి, జోడించి చూసే పరీక్షలో మెరుగ్గా రాణించారని తేలింది. అది ఆటకూ నైపుణ్యానికీ మధ్య సంబంధాన్ని చూపిన పరిశీలన మాత్రమే, ఐక్యూకు హామీ కాదు. అందులోనే తేలిన ఇంకొక విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది: మగపిల్లలూ ఆడపిల్లలూ సమానంగానే ఆడుతున్నా, కష్టమైన పజిల్స్ మగపిల్లల ముందే ఎక్కువగా ఉన్నాయి. మన ఇళ్లలో ఎవరి చేతికి ఏది అందిస్తున్నామో ఒకసారి గమనించుకోవాలి.

అపోహ: ఫోనులోని పజిల్ కూడా ఇదే పని చేస్తుంది.

అటువంటి ఆటలు చాలావాటిలో ముక్కను దగ్గరకు లాగితే చాలు, అదే అతుక్కుపోతుంది. బరువు, అంచు, బిగువు చేతికి తెలియవు.

అపోహ: చెక్కదైతే చాలు, భద్రమే.

రంగులో సీసం ఉండవచ్చు, అంచున పెళ్లలు లేచి ఉండవచ్చు. మూడేళ్లలోపు పిల్లలకు చిన్న ముక్కలు ఇవ్వకూడదు, 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల పరీక్ష గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క గొంతుకు అడ్డం పడగలదని భద్రతా ప్రమాణాలు భావిస్తాయి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి; నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది. మన జిల్లాలోని ఉదయగిరి చెక్క గరిటెలకు పేరు పొందిన ఊరు. పనితనమున్న వడ్రంగి చేత రంగు వేయని ముక్కలు చేయించుకుంటే ఖరీదైన దిగుమతి సామగ్రి అవసరం ఉండదు, గుంట కొలతలు మాత్రం దగ్గరుండి సరిచూసుకోవాలి.

మన తీరంలో ఇంకొక జాగ్రత్త అవసరం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ముసురు పట్టినప్పుడు గాలిలోని తేమకు చెక్క, ముఖ్యంగా నాసిరకం ప్లైవుడ్, ఉబ్బుతుంది; సరైన ముక్క కూడా సరైన గుంటలో పట్టదు. అప్పుడు వస్తువే బిడ్డకు అబద్ధం చెప్పినట్లవుతుంది, తాను సరిగా ఆలోచించినా తప్పు చేశాననుకుంటుంది. అందుకని వానాకాలంలో ప్రతి పజిల్‌నూ పిల్లలకు ఇచ్చే ముందు పెద్దలే ఒకసారి పేర్చి చూడాలి, నీళ్లతో కడగకుండా తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలి, బిగుసుకున్న ముక్కల అంచులను గరుకు కాగితంతో రుద్దాలి, అప్పటికీ కుదరని దాన్ని ఎండలు వచ్చే వరకు పక్కన పెట్టాలి.