పక్క సీటాయన ఎప్పుడు నవ్వాడు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో గాని, బరంపురంలో గాని తెలుగు సినిమా ఆడుతున్న హాల్లో కూర్చుని చెవి ఒగ్గితే రెండు నవ్వులు వినిపిస్తాయి. మొదటిది డైలాగు పడీ పడగానే వస్తుంది. అది ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లది. రెండోది ఒక్క క్షణం వెనకగా వస్తుంది. అది ఒడియా వాళ్లది. మాట అందకపోయినా నటుడి మొహంలోంచో, పక్క సీటు నవ్వులోంచో వాళ్లు సంగతి పట్టుకుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడక ముందు నుంచీ ఈ ఊళ్లలో రెండు భాషలూ ఒకే వీధిలో కాపురం ఉంటున్నాయి కాబట్టి, ఒకే హాల్లో ఇలా రెండు నవ్వులు వినిపించడం ఇక్కడ కొత్తేమీ కాదు.

కొన్ని ఘట్టాల్లో మాత్రం ఆ రెండు నవ్వులూ కలిసి ఒకేసారి పేలతాయి. ఏడుపు ఘట్టాల్లోనూ అంతే, హాలంతా ఒకేసారి నిశ్శబ్దమైపోతుంది. మంచి సినిమాను గుర్తుపట్టాలంటే ఆ చోట్లనే పరీక్షగా చూడాలి. ప్రేక్షకుడికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలి, పాత్రకంటే ముందా, పాత్రతో పాటా, పాత్ర తర్వాతా అన్నది తీసినవాళ్లు ఎంత కచ్చితంగా నిర్ణయించుకున్నారో అక్కడ బయటపడుతుంది. హాస్యమైనా కరుణమైనా నిలబడేది దాని మీదే. కథ, తారలు, పాటలు ఆ తర్వాతి లెక్క.

తిండికి సంబంధించిన రెండు ఘట్టాలు తీసుకుందాం. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్లంట'లో పిసినారి కోడిని తాడు కట్టి వేలాడదీసి, దానికేసి చూస్తూ వట్టి అన్నం తింటాడు. 1925లో చార్లీ చాప్లిన్ తీసిన 'ది గోల్డ్ రష్'లో మంచులో చిక్కుకుపోయిన బీదవాడు ఆకలికి తాళలేక తన బూటునే ఉడకబెట్టుకుని తింటాడు. లేసుల్ని సేమ్యాలా చుట్టుకుంటాడు, మేకుల్ని ఎముకల్లా చప్పరిస్తాడు. ఒకడికి తిండి ఉండీ తినడు, రెండోవాడికి లేక తినరానిది తింటాడు. రెండూ ఏ భాషవాడికైనా అందుతాయి. ఎందుకంటే రెండింట్లోనూ మనకు తెలియాల్సింది మూడే ముక్కలు: ఎదురుగా ఏముంది, నోట్లోకి ఏం పోతోంది, కళ్లు ఎక్కడున్నాయి.

పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే పరిశోధకులు 2010లో ఒక సిద్ధాంతం చెప్పారు. మనం అనుకునే పద్ధతి ఏదో ఒకటి తప్పాలి, ఆ తప్పు వల్ల హాని లేదని కూడా అదే క్షణంలో అనిపించాలి. రెండూ కలిసినప్పుడే నవ్వు వస్తుందని వాళ్లు అంటారు. కోడి ఘట్టంలో తప్పింది తిండి తినే మర్యాద. బాధ ఎవరికీ లేదు కాబట్టి నవ్వు తేలిగ్గా వస్తుంది. అదే పిసినారి ఆకలితో ఉన్న పసివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పని చేస్తే? కోడి అదే, తాడు అదే, నవ్వు మాత్రం గొంతులో ఆగిపోతుంది. బూటు ఘట్టంలో ఆకలి నిజం. దాన్ని విందు భోజనంలా మర్యాదగా తినడం ఒక్కటే హాస్యం. అందుకే అక్కడ నవ్వుతూనే గుండె బరువెక్కుతుంది. మా లెక్కన చూడదగ్గ హాస్యచిత్రాల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే. మూల్యం ఎవరో ఒకరు చెల్లిస్తుంటారు, కాకపోతే ఆ చెల్లించేవాడు ఏడవడు. (చాప్లిన్ తిన్న బూటు అతిమధురంతో చేసిన మిఠాయి.)

ఇక కళ్ల సంగతి. జపాన్‌లో తమామి నకానో బృందం 2009లో కొందరికి మిస్టర్ బీన్ హాస్య వీడియోలు చూపించి, రెప్పపాట్లు లెక్కపెట్టింది. ఒకరికొకరు సంబంధం లేని మనుషులు ఒకే చోట రెప్ప వేశారు. ఒక పని పూర్తయి, ఇంకోటి మొదలయ్యే సందులో. కథ లేని దృశ్యాలు చూసినప్పుడు ఆ పొత్తు కనిపించలేదు. అంటే 'ఇప్పుడు కళ్లు మూసినా నష్టం లేదు' అని కథే మనకు చెబుతోందన్నమాట. మంచి ఎడిటరు కట్ వేసేది ఆ సందు చూసుకునే. సందు ఇవ్వకుండా షాట్ల మీద షాట్లు కొట్టే సినిమాలో కళ్లు అలసిపోతాయి, ఏ షాట్ ముఖ్యమో తేలదు. ఇంటర్వెల్లోనే తల బరువెక్కిందంటే తప్పు చాలాసార్లు అక్కడ ఉంటుంది.

ఉరి హాసన్, తోటివాళ్లు 2008లో ఇంకో అడుగు ముందుకేసి, చూస్తున్నవాళ్ల మెదళ్లనే స్కాన్ చేశారు. హిచ్‌కాక్ టీవీ కథ ఒకటి నడుస్తుంటే, చూసేవాళ్లందరి మెదడు పైపొరలో 65 శాతానికి పైగా ప్రాంతం ఒకేలా స్పందించింది. ఒక కౌబాయ్ సినిమాకు 45 శాతం, ఒక హాస్య ధారావాహికకు 18 శాతం, కెమెరా పెట్టి వదిలేసి తీసిన పార్కు వీడియోకు 5 శాతం కంటే తక్కువ. ఇవి సినిమా గొప్పతనానికి వేసిన మార్కులని పొరబడకూడదు. ప్రేక్షకుణ్ణి ఎంత గట్టిగా చెయ్యి పట్టుకుని నడిపించారన్నదానికే ఇవి కొలత. చెయ్యి వదిలి, నీ ఇష్టమైనట్టు చూడమనే గొప్ప సినిమాలూ ఉన్నాయి.

హాస్యానికి కొలబద్ద ఫ్రేము, అంటే ఫిల్ములోని ఒక్కో బొమ్మ. సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఒక్కోటి సుమారు 42 మిల్లీసెకన్లు. వాక్యం చివర అతకని మాట పడితే మెదడులో ఒక విద్యుత్ తరంగం పుడుతుందని మార్తా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ 1980లో కనిపెట్టారు. వెచ్చని రొట్టె మీద వెన్నకు బదులు మేజోళ్లు రాసుకున్నాడనే లాంటి వాక్యాలతో వాళ్లు పరీక్షించారు. ఆ తరంగం శిఖరానికి చేరేది మాట పడిన 400 మిల్లీసెకన్లకు. ఫ్రేముల్లో చూస్తే దాదాపు పది. ఆ పది ఫ్రేములూ గడవకముందే షాట్ మార్చేస్తే, మాట అతకలేదన్న సంగతి ప్రేక్షకుడికి తెలిసేలోపే అతని దృష్టి ఇంకో చోటికి పోతుంది. జోకు బాగానే ఉంటుంది, నవ్వు రాదు. పదుల ఫ్రేములు ఎక్కువ లాగితే ఇంకో తప్పు జరుగుతుంది. నవ్వమని అడుక్కుంటున్నట్టు ఉంటుంది.

ఈ విషయంలో తెలుగుకు ఒక అదృష్టం ఉంది. మన క్రియ వాక్యం చివర వస్తుంది, కాదు లేదు అనేది ఆ క్రియ తోకలో ఉంటుంది. "మా అల్లుడు బంగారం. తాగడు, పేకాడడు, అబద్ధమాడడు, ఒక్క పనీ చెయ్యడు." కొంప ముంచే ముక్క ఆఖరి 'చెయ్యడు'లో ఉంది. ఒడియాలోనూ క్రియ చివరే, 'నాహిఁ' దాని వెనకే. అందుకే తెలుగు హాస్యం ఒడియాలోకి మారినా దెబ్బ అదే చోట తగులుతుంది. హిందీలో 'నహీఁ' క్రియకు ముందొచ్చి, గుట్టు ఒక మాట ముందే విప్పేస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్ అయితే మరీ అన్యాయం. సాధారణంగా రెండు వరుసలు, వరుసకు సుమారు నలభై అక్షరాలు, డైలాగు మొదలైన క్షణానే మొత్తం తెర మీదికి వచ్చేస్తుంది. నటుడు మూడు సెకన్లలో చెప్పేదాన్ని కన్ను ఒకటిన్నర సెకన్లలో చదివేస్తుంది. హాల్లో నవ్వు ముందే వచ్చేసి, అసలు మాటను మింగేస్తుంది. జోకు డైలాగును రెండు ముక్కలు చేసి, ఆఖరి ముక్కను నటుడు ఆ ముక్క పలికినప్పుడే వేస్తే ఈ బాధ తప్పుతుంది. ఆ శ్రద్ధ పెట్టినవాళ్లు తక్కువ.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాటం మొదలుపెట్టింది పర్లాకిమిడిలో పంతులుగా ఉండగానే. నాలుక మీద ఆడే మాటకే ఇంత కచ్చితమైన లయ ఉంటుందనడానికి హాస్యం కంటే మంచి సాక్ష్యం దొరకదు.

కరుణానికి లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆశ్చర్యంతో పని తక్కువ. గంజాం ప్రాంతపు ప్రహ్లాద నాటకాన్ని చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో జలంతర సంస్థానంలో రూపుదిద్దుకున్న ఈ ఆటలో ఒడియా, సంస్కృతం, తెలుగు మూడూ వినిపిస్తాయి. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక పైన సింహాసనం, అక్కడి నుంచి హిరణ్యకశిపుడు చిందులేస్తూ మెట్లు దిగుతాడు. స్తంభంలోంచి నరసింహుడు వస్తాడని ముందు వరుసలోని పిల్లలకీ తెలుసు. అయినా తెల్లారేదాకా ఎవరూ లేవరు. జరగబోయేది మనకు తెలుసు, హిరణ్యకశిపుడికి తెలియదు. ఆ తేడాయే మనల్ని కూర్చోబెడుతుంది. ప్రతి మెట్టూ దిగుతుంటే ఆ తేడా ఇంకాస్త బిగుస్తుంది. లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 2011లో చిన్న కథల మీద చేసిన ప్రయోగంలో, ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథను సగటున కొంచెం ఎక్కువే మెచ్చుకున్నారు. ముగింపు తెలిసిపోతే చచ్చిపోయే సినిమా మొదటిసారి చూసినప్పుడు కూడా అంత బలమైనది కాదని మా అభిప్రాయం.

ఏడుపు ఘట్టాల్లో సర్వసాధారణంగా జరిగే పొరపాటు వయొలిన్లు ముందే ఏడ్చేయడం. పాత్రకు కబురు తెలియకముందే రీరికార్డింగ్ మొదలైపోతే, ప్రేక్షకుడు తనంతట తాను చేరుకోవాల్సిన చోటికి అతన్ని మోసుకెళ్లినట్టు అవుతుంది. ఇంకో పొరపాటు నటుడు ఉన్నదంతా మొహంలో పెట్టేయడం. రష్యా దర్శకుడు కులెషోవ్ వందేళ్ల కిందట ఒకే నిర్వికారమైన మొహాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికిస్తే, జనం ఆ మొహంలో ఆకలీ దుఃఖమూ చూశారని ప్రతీతి. ఆ అసలు ఫిల్ము మిగల్లేదు. 1992లో తిరిగి చేస్తే ఆ ప్రభావం కనబడలేదు, తర్వాతి ప్రయోగాల్లో కొంత కనబడింది. కాబట్టి కులెషోవ్ పేరు చెప్పి మొహంలో ఏమీ చూపించనక్కర్లేదని అనడం అతిశయోక్తే. కాకపోతే కొంచెం ఖాళీ వదిలిన మొహాన్ని మనం నింపుకుంటామన్నది నిజం.

డబ్బు పెట్టి మరీ ఏడుపు కొనుక్కోవడం ఎందుకని చాలామంది అడుగుతారు. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం దీన్ని తేల్చడానికి పెట్టిన పరీక్ష మనకు బడిలో బాగా తెలిసినదే, గోడకుర్చీ. సినిమాకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఎంతసేపు ఓర్చుకోగలరో చూశారు. ఒక నిరాశ్రయుడి విషాద జీవితం మీద తీసిన చిత్రం చూసినవాళ్లు, మామూలు డాక్యుమెంటరీలు చూసినవాళ్లతో పోలిస్తే నొప్పిని ఎక్కువ ఓర్చుకున్నారు, తోటి ప్రేక్షకులతో దగ్గరితనం పెరిగిందనీ చెప్పారు. ఇది 2016 నాటి ఫలితం. అదే బృందం 2012లో కలిసి నవ్వినవాళ్లలోనూ ఓర్పు పెరగడం చూసింది. శరీరంలో పుట్టే ఎండార్ఫిన్లే కారణం కావచ్చని వాళ్ల ఊహ. అందరికీ ఒకేలా పెరగలేదు, పెరిగిందీ బ్రహ్మాండంగా కాదు.

భాష మార్చిన సినిమాలో ఈ గుండె బరువుకు ఎలా చిల్లు పడుతుందో ఒక్క మాటలో చూడొచ్చు. తెర నిండా పసివాడి మొహం. "నాన్నా" అని పిలిచాడు. ఆ మాటకు పెదాలు కలవవు. ఒడియా డబ్బింగులో అక్కడ "బాపా" పెడితే పెదాలు రెండుసార్లు మూసుకోవాలి. తెర మీద తెరిచిన నోరు, చెవిలో మూసిన నోటి శబ్దం. మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ 1976లో చూపించినట్టు, పెదాలు ఒకటి చెప్పి చెవి ఒకటి వింటే మెదడు మూడోది కల్పించుకుంటుంది. 'బ' వినిపిస్తూ 'గ' అనే నోరు చూపిస్తే చాలామందికి 'ద' వినబడింది. సరిగ్గా కన్నీళ్లు రావాల్సిన క్షణంలో మెదడు ఈ లెక్కలో పడిపోతుంది. అదే "అమ్మా" అయితే చిక్కు లేదు. ఒడియాలో "మా" అన్నా "బోఉ" అన్నా పెదాలు కలుస్తాయి. తెలిసిన డబ్బింగ్ రచయిత ప, బ, మ ఉన్న చోట్లు ముందు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే వాక్యం రాస్తాడు. "నాన్నా" దగ్గర షాట్ దగ్గరగా ఉంటే పిలుపును అర సెకను ముందుకు జరిపి, మొహం పక్కకు తిరిగిన ఫ్రేముల మీద వేస్తాడు.

హాస్యచిత్రం బాగుందా లేదా అని ఫోన్లో ఒంటరిగా చూసి తీర్పు చెప్పేవాళ్లు ఒక సంగతి గమనించాలి. నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ లెక్కల ప్రకారం మనిషి ఒంటరిగా కంటే నలుగురిలో ముప్ఫై రెట్లు ఎక్కువ నవ్వుతాడు. హాల్లో నవ్వు నిలబడేందుకు ఎడిటరు వదిలిన ఒకటి రెండు సెకన్ల ఖాళీ, ఇంట్లో చూస్తే సాగదీతలా అనిపిస్తుంది. అది సినిమా తప్పు కాదు.

పరీక్ష చేయాలనుకుంటే పేరున్న సినిమాలో ఒక పది నిమిషాలు తీసుకోండి. మొదట శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఎవరికి ఏం కావాలో, ఎవరు అడ్డమో తెలియాలి. తెలియకపోతే ఆ పది నిమిషాలూ మాటల మీదే బతుకుతున్నాయి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. పాత్రలు "నాకు చాలా బాధగా ఉంది" అని తమ మనసు తామే చెప్పుకునే చోట్లు లెక్కపెట్టండి. రెండు మూడు దాటితే అనుమానించాల్సిందే. మూడోసారి ఆ భాష రాని వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు నవ్విన చోట గుర్తు పెట్టుకోండి. తీరిగ్గా అక్కడికి వెనక్కి వెళ్లి, నవ్వు మొదలైన క్షణానికి పది ఫ్రేముల ముందు ఆపి చూడండి. చాలాసార్లు తెర మీద కనిపించేది జోకు విన్నవాడి మొహం.